పోటీ సమాచారం – వ్యాపారం, ప్రాంతీయాభివృద్ధి: కోరమాండల్ వస్త్ర వ్యాపార చరిత్ర నుంచి ఒక అధ్యయనం

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
– పోటీ సమాచారం అనే భావనను నిర్వచించి, దాన్ని గూఢచర్యం నుంచి వేరు చేసి చెప్పగలరు;
– 17–19 శతాబ్దాలలో ఐరోపా కంపెనీలు కోరమాండల్ తీరంలో సమాచారాన్ని సేకరించి వినియోగించిన తీరును వివరించగలరు;
– ఒక ప్రాంతపు పరిశ్రమ ఎదుగుదలలో, క్షీణతలో సమాచారం పాత్ర ఎంతో, ఇతర కారణాల పాత్ర ఎంతో తూకం వేయగలరు;
– నేటి చేతివృత్తుల సమూహాలకు ఈ చరిత్ర నేర్పే పాఠాలను చర్చించగలరు.

1. ప్రస్తావన

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతిలో నేను మచిలీపట్నం వస్త్ర వ్యాపారం గురించి చెబుతున్నాను. అద్దకపు రంగుల తయారీని ఫ్రెంచివాళ్లు ఎంత వివరంగా రాసుకున్నారో చెప్పగానే, వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థి లేచాడు. పెడన వైపు అద్దకం పనిచేసే కుటుంబం అతనిది. "సార్, మా తాత ముత్తాతలు చేసిన పనిని వాళ్లెవరో రాసుకున్నారు. మరి మా వాళ్లు ఎందుకు రాసుకోలేదు?" అని అడిగాడు. తరగతిలో ఒకరిద్దరు నవ్వారు. అతను నవ్వలేదు.

ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. "చదువు లేక" అనేశాను. అది సగం కూడా నిజం కాదని ఇంటికి వెళ్లే దారిలోనే తోచింది. ఈ పాఠం ఒక రకంగా ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. చదువుతున్నంతసేపూ ఆ ప్రశ్నను మీరు కూడా మనసులో ఉంచుకోండి.

2. పోటీ సమాచారం అంటే ఏమిటి?

ఇంగ్లీషులో కాంపిటీటివ్ ఇంటెలిజెన్స్ అని పిలిచేదాన్ని ఈ పాఠంలో 'పోటీ సమాచారం' అందాం. ఒక వ్యాపార సంస్థ గాని, ఒక ప్రాంతం గాని తన పోటీదారులు, కొనుగోలుదారులు, ముడిసరుకులు, సాంకేతిక పద్ధతులు, చట్టాలు మొదలైన వాటిని గురించిన విషయాలను క్రమపద్ధతిలో సేకరించి, సరిచూసి, విశ్లేషించి, ఆ విశ్లేషణ ఆధారంగా నిర్ణయాలు తీసుకోవడమే పోటీ సమాచార వినియోగం.

ఈ నిర్వచనంలో నాలుగు దశలున్నాయి. మొదటిది, ఏం తెలుసుకోవాలో నిర్ణయించుకోవడం. రెండోది, సేకరణ. మూడోది, సేకరించినదాన్ని సరిచూసి అర్థం చేసుకోవడం. నాలుగోది, నిర్ణయం తీసుకునే వ్యక్తికి సకాలంలో అందజేయడం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన మూడూ వృథా అవుతాయి. బీరువా నిండా నివేదికలున్నా సంస్థ నష్టపోవడానికి కారణం సాధారణంగా నాలుగో దశలోనే దొరుకుతుంది.

పోటీ సమాచారానికీ గూఢచర్యానికీ తేడా ఉంది. బహిరంగంగా దొరికే పత్రాలు, అంగడిలో కొన్న సరుకు, అడిగితే ఇష్టపడి చెప్పిన మాట, కళ్లతో చూసిన విషయం – వీటి నుంచి తెలుసుకోవడం మొదటిది. దొంగతనం, లంచం, మోసం ద్వారా రాబట్టడం రెండోది. 1996లో అమెరికా ఆర్థిక గూఢచర్య చట్టాన్ని చేసి వ్యాపార రహస్యాల దొంగతనాన్ని నేరంగా ప్రకటించింది. అయితే చరిత్రలో ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా లేదు. ముందు ముందు మనం చూడబోయే ఉదాహరణల్లో కొన్ని సరిగ్గా ఆ గీత మీదనే నిలబడి ఉంటాయి.

ఒక వృత్తిగా, అధ్యయన రంగంగా దీనికి వయసు తక్కువ. మైకేల్ పోర్టర్ పోటీ వ్యూహంపై రాసిన ప్రసిద్ధ గ్రంథం 1980లో వెలువడింది. ఈ రంగంలో పనిచేసేవారి సంఘం అమెరికాలో 1986లో ఏర్పడింది. కాని పేరు కొత్తదైనంత మాత్రాన పని కొత్తది కాదు. నాలుగు శతాబ్దాల కిందట మన తీరానికి వచ్చిన కంపెనీలు ఈ నాలుగు దశలనూ ఆచరించాయి.

3. మచిలీపట్నం: సమాచారం కోసం పోటీ

17వ శతాబ్దం ఆరంభంలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం ప్రధాన రేవు. పర్షియా, అరకాన్, ఆచే వంటి దూర ప్రాంతాలతో దానికి వ్యాపార సంబంధాలుండేవి. డచ్ కంపెనీ ఇక్కడ 1605లో వర్తక స్థావరం ఏర్పరచుకొంది. ఇంగ్లీషు కంపెనీ 1611లో వచ్చింది.

ఐరోపావారికి మన బట్ట ఎందుకు అవసరమైందో ముందు గ్రహించాలి. వారికి కావలసినవి ఆగ్నేయాసియా దీవుల్లోని లవంగాలు, జాజికాయ, మిరియాలు. ఆ దీవులవారికి ఐరోపా సరుకుల మీద ఆసక్తి తక్కువ. వారు కోరేది కోరమాండల్ వస్త్రం. అంటే ఇక్కడ బట్ట కొని, అక్కడ అమ్మి, ఆ సొమ్ముతో సుగంధద్రవ్యాలు కొనాలి. కనుక లాభమంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడింది: ఏ దీవిలో ఏ బట్ట చెల్లుతుంది?

ఈ విషయంలో డచ్‌వారు ముందున్నారు. వెనకబడిన ఇంగ్లీషు కంపెనీ ఏం చేసిందో గమనించండి. 1611లో మచిలీపట్నం చేరిన 'గ్లోబ్' అనే ఓడలో వ్యాపార బాధ్యతలు చూసినవారు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్. ఇద్దరూ డచ్ జాతీయులు. డచ్ కంపెనీ తరఫున తూర్పు వ్యాపారంలో అనుభవం గడించినవారు. అందులో ఒకరు ఇంగ్లీషు కొలువులో పేరు కూడా మార్చుకున్నారు. పోటీ సంస్థలో పనిచేసినవారిని తమ కొలువులోకి తెచ్చుకోవడం ద్వారా ఇంగ్లీషు కంపెనీ ఏళ్ల అనుభవాన్ని ఒక్క ప్రయాణంలో సంపాదించింది. నేటి సంస్థలు పక్క సంస్థ మేనేజరును ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకోవడం లాంటిదే ఇది.

పులికాట్‌లో డచ్‌వారు తమకున్న ప్రత్యేక అనుమతిని చూపి గ్లోబ్ ఓడవారిని వ్యాపారం చేయనివ్వలేదు. వారు ఉత్తరానికి సాగి నిజాంపట్నం, మచిలీపట్నాలలో బట్ట కొన్నారు. అంత అనుభవం ఉన్నా ఫ్లోరిస్‌కు మలయా తీరంలోని పటానీ రేవులో ఒక దెబ్బ తగిలింది. తెచ్చిన బట్టల్లో కొన్నింటికి అంచున సన్నని తెల్లని చార లేదు. అది లేనందుకు అక్కడివారు ఆ బట్టను ముట్టుకోలేదని అతను తన దినచర్యలో రాసుకున్నాడు. నేత నాణ్యత, రంగు, ధర అన్నీ సరిపోయినా ఒక సన్నని చార లేక అమ్మకం ఆగిపోయింది. ఈ ఉదాహరణ మీకు పరీక్షలో పనికివస్తుంది. వ్యాపారం పెట్టుకుంటే అంతకంటె ఎక్కువ పనికివస్తుంది.

4. ఎవరికి ఏం తెలుసు?

బట్ట నేసేవాడి నుంచి కట్టుకునేవాడి దాకా ఒక గొలుసు ఉండేది. నేతగాడికి నూలు గురించి, మగ్గం గురించి పూర్తిగా తెలుసు. అద్దకం పనివాడికి రంగుల సంగతి తెలుసు. స్థానిక వర్తకుడికి ఏ ఊళ్లో ఎవరు ఏం నేస్తారో, ఎవరికి ఎంత బయానా ఇవ్వాలో తెలుసు. దుబాసీకి ఇరుపక్షాల భాష తెలుసు. భాషతో పాటు ఇరుపక్షాల బలహీనతలూ తెలుసు. కంపెనీ వర్తకుడికి ఇవన్నీ కొద్దికొద్దిగా తెలుసు. వీటికి అదనంగా సముద్రానికి అవతల బట్ట ఎంతకు అమ్ముడవుతుందో తెలుసు. లండన్‌లోని డైరెక్టర్లకు సూరత్, మచిలీపట్నం, బాంటమ్‌ల నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే బల్ల మీదకు చేరేవి.

తేడా ఇక్కడే ఉంది. ప్రతి ఒక్కరి దగ్గరా జ్ఞానం ఉంది. కాని అన్ని ముక్కలనూ కలిపి చూడగల చోటు ఒక్కటే ఉంది. ఆ చోటు ఈ తీరంలో లేదు.

ఒక ఉదాహరణ చూడండి. 1643లో లండన్ డైరెక్టర్లు సూరత్‌కు రాసిన ఉత్తరంలో, ముదురు ఎరుపు నేల ఉన్న రంగుల బొంతలు కొనేవారందరికీ నచ్చడం లేదని, ఇక మీదట తెల్లని నేల ఎక్కువగా ఉండి మధ్యలో పువ్వులు, కొమ్మలు రంగుల్లో ఉండేలా చేయించి పంపమని కోరారు. తరువాతి దశాబ్దాలలో లండన్ నుంచి నమూనాలే నేరుగా రావడం మొదలైంది. భారతీయ అద్దకంలో 'సహజమైన' శైలిగా నేడు మనం భావించే పూలతీగల రూపాల్లో కొన్ని, ఐరోపా మార్కెట్టు సమాచారాన్ని మన పనివాళ్లు తమ చేతిలోకి తెచ్చుకుని చేసినవే.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయానికి తావివ్వకూడదు. మనవారికి మార్కెట్టు తెలివి లేదనుకోవడం తప్పు. గోల్కొండ ఉన్నతోద్యోగి మీర్ జుమ్లా సొంత ఓడలు నడిపాడు. మచిలీపట్నంలోని పర్షియన్ వర్తకులకు తమ దేశపు అభిరుచి బాగా తెలుసు. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీకి ప్రధాన వర్తకుడిగా వ్యవహరించి 1680లో మరణించిన కాసి వీరన్న వంటి తెలుగు వర్తకులు కంపెనీ ఉద్యోగులతో సమఉజ్జీలుగా బేరమాడారు. ఆసియా మార్కెట్ల వరకు మనవారికి సమాచారం ఉంది. ఐరోపా మార్కెట్టు విషయంలో మాత్రం వారు కంపెనీ చెప్పిన మాట మీదనే ఆధారపడవలసి వచ్చింది.

5. రంగు రహస్యం రాతలోకి వచ్చిన క్రమం

కోరమాండల్ బట్ట గొప్పతనం రంగు వెలవకపోవడంలో ఉంది. ఉతికేకొద్దీ తేటపడే ఎరుపు, నీలం అప్పటి ఐరోపాలో నూలు బట్ట మీద సాధ్యపడలేదు. ఆ పద్ధతిని స్థూలంగా చెప్పుకుందాం. ముందుగా బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెట్టాలి. నలుపు గీతలకు బెల్లపు నీటిలో తుప్పు ఇనుమును ఊరవేసి తీసిన ద్రవం వాడాలి. ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణం అద్ది, తరువాత చిరువేరు వేసిన నీటిలో ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది. నీలం వేయవలసినప్పుడు మిగతా భాగాన్ని మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి. మధ్యమధ్య పారే నీటిలో ఉతకాలి, ఎండలో ఆరబెట్టాలి. పటికకూ చిరువేరుకూ మధ్య జరిగే ఈ చర్యే అసలు కీలకం.

ఈ పరిజ్ఞానం అంచెలంచెలుగా కాగితం మీదకు చేరింది. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. అందులో చిరువేరు ప్రస్తావన ఉంది. డచ్ కంపెనీలో పనిచేసిన డేనియల్ హావార్ట్ 1693లో ప్రచురించిన కోరమాండల్ గ్రంథంలో అద్దకం పనిని వర్ణించాడు. ఇవి చూసినవారు రాసిన రాతలు. వీటిని చదివి ఎవరూ రంగు వేయలేరు.

18వ శతాబ్దంలో రాత స్వభావం మారింది. 1730లలో బ్యోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక పనివాడి చేత తన కళ్ల ఎదుట బట్టకు రంగులు వేయించాడు. ఒక్కొక్క దశ పూర్తికాగానే ఆ బట్ట నుంచి ఒక ముక్క కత్తిరించి తన రాతకు జతచేశాడు. ఆ రాతప్రతి, ఆ ముక్కలు నేటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. 1742 జనవరిలో క్యోర్దూ అనే జెసూయిట్ ఫాదిరి ఫ్రాన్సుకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. ఈయన తెలుగు బాగా నేర్చినవాడు, తెలుగు–ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడు. అద్దకం వృత్తిలో నేర్పరులై ఉండి కొత్తగా క్రైస్తవం తీసుకున్న వారిని వేర్వేరు సమయాల్లో, విడివిడిగా ప్రశ్నించి, ఆ జవాబులను ఆయన క్రోడీకరించాడు. ఆ ఉత్తరం మరుసటి ఏడే జెసూయిట్ ఉత్తరాల సంపుటిలో అచ్చయింది. 1747లో మరికొన్ని సవరణలతో మరో ఉత్తరం రాశాడు.

పరిశోధన పద్ధతి దృష్టితో చూస్తే ఇది మెచ్చుకోదగిన పని. ఒకరు చెప్పినదాన్ని మరొకరి మాటతో సరిచూడడం మనం నేటికీ విద్యార్థులకు నేర్పుతున్నాం. నీతి దృష్టితో చూస్తే ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ పనివాళ్లు తమ గురువును నమ్మి చెప్పారు. ఆ మాటలు అచ్చయి ఐరోపా రంగుల ఖార్ఖానాలకు చేరతాయని వారికి తెలుసా? ఇక్కడ దొంగతనం లేదు, లంచం లేదు. అయినా సమ్మతి సంపూర్ణమైనదని చెప్పలేం. మనం ముందు చెప్పుకున్న గీత మీద నిలబడే ఉదాహరణ ఇదే.

మూడో అంచెలో మొక్కలు వచ్చాయి. సామర్లకోటలో ఉండి పనిచేసిన కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గురించిన గ్రంథం మొదటి సంపుటం 1795లో వెలువడింది. స్థానిక చిత్రకారులు వేసిన బొమ్మలతో వచ్చిన ఆ సంపుటంలో చిరువేరు మొక్కకూ చోటు దొరికింది. ఈ విధంగా సరుకు, పద్ధతి, ముడిపదార్థం మూడూ కాగితం మీదకు చేరాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) గ్లోబ్ ఓడ వ్యాపార బాధ్యతలను డచ్ జాతీయులకు అప్పగించడం వల్ల ఇంగ్లీషు కంపెనీకి కలిగిన ప్రయోజనం ఏమిటి?
(ఆ) బ్యోల్యూ, క్యోర్దూల సేకరణ పద్ధతుల మధ్య తేడాలను ఐదు వాక్యాలలో రాయండి.

6. సమాచారానికి తోడైన చట్టం, యంత్రం

సమాచారం ఒక్కటే పరిశ్రమను తరలించలేదు. ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700లో చేసిన చట్టంతో భారతదేశపు అద్దకపు బట్టల వాడకాన్ని, 1721లో చేసిన చట్టంతో దాదాపు అన్ని రకాల అద్దకపు నూలు బట్టల వాడకాన్ని నిషేధించింది. ఇంగ్లండులోనే తయారైన నూలు బట్టలకు 1774లో సడలింపు ఇచ్చింది. అంటే బయటి సరుకుకు తలుపు మూసి, ఆ వ్యవధిలో పద్ధతి నేర్చుకొని, సొంత సరుకు సిద్ధమయ్యాక తలుపు తెరిచారన్నమాట.

అదే కాలంలో యంత్రాలు వచ్చాయి. 1769లో ఆర్క్‌రైట్ నీటి యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్ నూలు వడకడాన్ని మార్చివేశాయి. 1783లో థామస్ బెల్ రోలరుతో అచ్చువేసే పద్ధతికి పేటెంటు పొందాడు. మరోవైపు ఉత్తర సర్కారులు 1760లలో కంపెనీ చేతికి వచ్చాయి. బేరమాడే కంపెనీ పాలించే కంపెనీ అయింది. పోటీ కొనుగోలుదారులు తగ్గేకొద్దీ నేతగాడికి బేరమాడే బలం తగ్గింది. 18వ శతాబ్దం చివరలో ఉత్తర కోరమాండల్ నేతపనివారు కంపెనీ నిబంధనలపై నిరసనలకు దిగారు.

7. ఇరవై వస్త్ర ప్రదర్శనశాలలు: 1866

ఈ చరిత్రలో అన్నిటికంటె స్పష్టమైన ఘట్టం 1866 నాటిది. లండన్‌లోని ఇండియా ఆఫీసులో భారతదేశపు ఉత్పత్తులపై అధికారిగా ఉన్న జాన్ ఫోర్బ్స్ వాట్సన్ భారతీయ వస్త్రాల నమూనాలతో 18 సంపుటాలు తయారుచేశాడు. అందులో 700 నిజమైన బట్ట ముక్కలున్నాయి. అలాంటి సెట్లు 20 సిద్ధం చేసి, 13 బ్రిటన్‌లోనూ 7 భారతదేశంలోనూ ఉంచారు. మాంచెస్టర్, గ్లాస్గో, ప్రెస్టన్, బ్రాడ్‌ఫర్డ్ వంటి పరిశ్రమ పట్టణాలకు ఇవి అందాయి. ఒక్కొక్క సెట్టును ఒక పారిశ్రామిక ప్రదర్శనశాలగా ఆయన భావించాడు.

దీనికి తోడుగా ఆయన రాసిన గ్రంథంలో తలపాగా ఎంత పొడవు, చీర ఎంత వెడల్పు, పంచె అంచు ఎలా ఉండాలి అనే వివరాలున్నాయి. ఆయన వాదన సూటిగా ఉంటుంది: ధనికులు కట్టే సన్నని మస్లిన్‌ల మీద కాదు, కోట్లమంది సామాన్యులు రోజూ కట్టే మామూలు బట్ట మీద దృష్టి పెట్టండి, వారి అలవాటు, అభిరుచి తెలుసుకొని నేయండి. ఫ్లోరిస్‌కు పటానీలో తెల్లని చార నేర్పిన పాఠం రెండున్నర శతాబ్దాల తరువాత ప్రభుత్వ ఖర్చుతో పుస్తకరూపం దాల్చింది. 1612లో ఒక వర్తకుడు తన జేబు కోసం నేర్చుకున్నాడు. 1866లో ఒక రాజ్యం తన పరిశ్రమ పట్టణాలన్నింటి కోసం నేర్చుకుంది. వ్యాపార సమాచారం ప్రాంతీయాభివృద్ధి సాధనంగా మారడమంటే ఇదే.

ఇక్కడ మరో చిన్న సంగతి గమనించదగ్గది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఇంగ్లీషువారి వర్తక స్థావరం ఉండేది. ఆ ఊరి పేరు మీద 'మడపోలం' అనే బట్ట రకం ప్రసిద్ధికెక్కింది. కాలక్రమంలో ఆ పేరుతో బట్టను ఇంగ్లండు మిల్లులే నేశాయి. ఊరి పేరు మిగిలింది. పని ఊరు దాటిపోయింది.

8. ప్రాంతం మీద ప్రభావం: తూకం వేయడం

మచిలీపట్నం ప్రాంతపు వస్త్ర పరిశ్రమ క్షీణతకు సమాచార బదిలీ ఒక్కటే కారణమని రాస్తే మీకు మార్కులు రావు, రాకూడదు కూడా. నిషేధ చట్టాలు, సుంకాలు, యంత్రాలు, రాజకీయాధికారం, రేవుల ప్రాధాన్యం మారడం – ఇవన్నీ కలిశాయి. ప్రకృతి కూడా తన వంతు చేసింది. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొంది. నాలుగేళ్ల తరువాత, 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్‌మన్ అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారుచేశారు. చిరువేరులోని ఎరుపుకు మూలం ఆ పదార్థమే. దానితో అద్దకం పనివాడితో పాటు చిరువేరు తవ్వి అమ్ముకొనేవాడి జీవనం కూడా దెబ్బతింది.

అయితే ఈ కారణాలన్నింటి వెనకా సమాచారం పనిచేసింది. ఏ బట్టను నిషేధించాలో, ఏ కొలతలో నేయాలో, ఏ రంగును ప్రయోగశాలలో సాధించాలో నిర్ణయించినవారి ముందు ఆ వివరాలున్నాయి. ఎదుటివారి మార్కెట్టు ఎలా మారుతోందో ఈ తీరపు పనివాళ్లకు ముందుగా చెప్పే సంస్థ ఏదీ లేదు. నష్టం వచ్చాకనే వారికి మార్పు తెలిసింది.

9. ఇరవయ్యో శతాబ్దపు అనుభవాలు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ ఈ పనిని ప్రభుత్వ బాధ్యతగా స్వీకరించింది. 1958లో ఏర్పడిన జెట్రో అనే సంస్థ విదేశీ మార్కెట్ల సమాచారాన్ని సేకరించి, సొంతంగా విదేశాల్లో కార్యాలయాలు పెట్టుకోలేని చిన్న సంస్థలకు కూడా అందజేసింది. 1979లో ఒయిటా రాష్ట్ర గవర్నరు హిరామత్సు 'ఒక ఊరు – ఒక ఉత్పత్తి' ఉద్యమాన్ని ప్రారంభించారు. ప్రతి ఊరూ తనకు ప్రత్యేకమైన వస్తువును గుర్తించి, బయటి మార్కెట్టు మెచ్చే స్థాయికి తీసుకువెళ్లాలన్నది దాని సారం. మన దేశంలోని 'ఒక జిల్లా – ఒక ఉత్పత్తి' కార్యక్రమానికి ఈ ఆలోచనతో పోలిక ఉంది.

ఫ్రాన్సులో 1994లో ఆన్రీ మార్త్ర్ అధ్యక్షతన వెలువడిన నివేదిక ఆర్థిక సమాచారాన్ని జాతీయ అవసరంగా గుర్తించింది. ఆ తరువాత అక్కడ ప్రాంతాల స్థాయిలో కూడా ఈ పని ఊపందుకుంది. ఒక ప్రాంతంలోని చిన్న పరిశ్రమలు, విశ్వవిద్యాలయాలు, స్థానిక పాలనా సంస్థలు సమాచారాన్ని పంచుకోవాలన్నది దాని మూలసూత్రం.

భారతదేశం నేర్చుకున్న పాఠం మరొక దిశ నుంచి వచ్చింది. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాల ఆధారాలు చూపి సవాలు చేయగా 1997లో అది రద్దయింది. తరువాత సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా నమోదు చేసే పని మొదలైంది. క్యోర్దూ కాలంలో రాత వల్ల జ్ఞానం చేయిజారింది. ఇక్కడ రాత వల్లనే జ్ఞానం నిలిచింది. కనుక అసలు సమస్య రాయడం, రాయకపోవడం కాదు. ఎవరు రాశారు, ఎవరి ప్రయోజనం కోసం రాశారు, ఆ రాత ఎవరి చేతిలో ఉంది అన్నదే ప్రశ్న.

10. నేటి కలంకారీ: మీ ముందున్న పని

మన ప్రాంతంలో ఈ వృత్తి రెండు రూపాల్లో మిగిలింది. శ్రీకాళహస్తిలో కలంతో గీసే వ్రాతపని, మచిలీపట్నం–పెడన ప్రాంతంలో చెక్క దిమ్మెలతో వేసే అద్దకం. స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషితో శ్రీకాళహస్తి పనికి పునరుజ్జీవనం లభించింది. 1999లో చేసి 2003లో అమలులోకి తెచ్చిన భౌగోళిక సూచికల చట్టం కింద ఈ రెండు రకాలకూ, పోచంపల్లి ఇక్కత్‌కూ గుర్తింపు వచ్చింది. మడపోలానికి దక్కని రక్షణ వీటికి దక్కింది.

కాని గుర్తింపు పత్రం గోడకు తగిలిస్తే బట్ట అమ్ముడుపోదు. కలంకారీ బొమ్మలను స్క్రీన్ మీద, యంత్రం మీద అచ్చువేసిన బట్ట తక్కువ ధరకు అంగళ్లలో దొరుకుతోంది. ఈ పోటీని ఎదుర్కోవాలనుకునే ఒక పనివాళ్ల సంఘం ముందుగా అడగవలసిన ప్రశ్నలు నాలుగు. మన బట్ట ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు? అనుకరణ బట్ట ఎక్కడ తయారవుతోంది, దాని ధరలో ఏ భాగం దేనికి పోతోంది? కొనేవారు అసలుకూ నకలుకూ తేడా దేనితో గుర్తిస్తారు? మన పద్ధతిలో బయటికి చెప్పవలసినది ఏది, మనలోనే ఉంచుకోవలసినది ఏది? ఈ నాలుగింటికీ జవాబులు చట్టబద్ధంగానే, అంగడిలో తిరిగి, అడిగి, లెక్కగట్టి సంపాదించవచ్చు. సంపాదించినదాన్ని నెలకోసారి కూర్చొని కలిపి చూడడానికి ఒక చోటు కావాలి. 17వ శతాబ్దంలో ఈ తీరానికి లేనిది ఆ చోటే.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. మీవాళ్లు ఎందుకు రాసుకోలేదు? వారికి రాయవలసిన అవసరం లేదు కనుక. కొడుకుకు, మేనల్లుడికి చేతితో నేర్పితే వృత్తి సాగిపోయేది. నలుగురికీ తెలిసేలా రాస్తే వృత్తి రహస్యం పోతుంది. వారి లెక్క వారి కాలానికి సరైనదే. కాని కొనేవాడి దేశం గురించి, అక్కడి చట్టం గురించి, యంత్రం గురించి వారికి చెప్పవలసినవారు చెప్పలేదు. లోపం పనివాడి చదువులో కాదు. అతని ప్రాంతానికి ఆ పని చేసే వ్యవస్థ లేకపోవడంలో ఉంది. ఆ ఆదివారం నేను ఇవ్వవలసిన జవాబు ఇది. ఆ అబ్బాయి ఈ పుస్తకం చదువుతుంటే, నా మొదటి జవాబును దిద్దుకోమని కోరుతున్నాను.

11. సారాంశం

పోటీ సమాచారం అంటే విషయాలను క్రమపద్ధతిలో సేకరించి, సరిచూసి, విశ్లేషించి నిర్ణయాలకు వినియోగించడం. కోరమాండల్ తీరంలో ఐరోపా కంపెనీలు అనుభవజ్ఞులను చేర్చుకోవడం, ఉత్తరాలు, నమూనాలు, పద్ధతుల నమోదు, మొక్కల అధ్యయనం ద్వారా ఈ పని చేశాయి. 1866 నాటి వస్త్ర నమూనాల సంపుటాలతో అది ప్రభుత్వ కార్యక్రమంగా మారింది. చట్టాలు, యంత్రాలు, రాజకీయాధికారం తోడైనందువల్లనే ఆ సమాచారం ప్రాంతాల తలరాతను మార్చగలిగింది. జ్ఞానం ఉన్నవారికి, దాన్ని మార్కెట్టు సమాచారంతో కలిపి చూసే వ్యవస్థ కూడా ఉన్నప్పుడే ప్రాంతం బాగుపడుతుంది.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్పై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోరమాండల్ వస్త్ర వ్యాపారంలో ఐరోపా కంపెనీలు సమాచారాన్ని సేకరించిన మార్గాలను వివరించండి.
2. మచిలీపట్నం ప్రాంతపు వస్త్ర పరిశ్రమ క్షీణతలో సమాచార బదిలీ పాత్రను ఇతర కారణాలతో పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫోర్బ్స్ వాట్సన్ వస్త్ర నమూనాల సంపుటాల ఉద్దేశం ఏమిటి?
2. పోటీ సమాచారానికీ గూఢచర్యానికీ గల తేడాను క్యోర్దూ ఉదాహరణతో పరిశీలించండి.

III. అభ్యాసం
మీ మండలంలోని ఒక చేతివృత్తిని గాని, చిన్న పరిశ్రమను గాని ఎంచుకోండి. పదో విభాగంలోని నాలుగు ప్రశ్నలను ఆ పని చేసేవారిని స్వయంగా అడిగి, జవాబులు రాసుకోండి. మీరు రాసినదాని ప్రతి ఒకటి వారికి తప్పక ఇవ్వండి.